ఏటిగడ్డ మీద ఇండ్లు

ధర్మవరం,
22 జూన్ 1958

అక్కకు బాలప్ప నమస్కారాలు.

నువ్వు ఎండాకాలం సెలవులు ముగించుకుని రైలెక్కిన రోజు నుంచి అమ్మ పూటకొకసారి నీ పేరు తలుస్తూనే ఉంది. ఊరగాయ జాడీ మూత వదులైందట. హిందూపురం చేరేలోపు నూనె కారి నీ చీరలు పాడయ్యాయేమో కనుక్కొమ్మంది. ముందు ఆ సంగతి రాయి, లేకపోతే నన్ను బతకనివ్వదు.

ఇప్పుడు అసలు కబురు. మన నేతగాళ్ళ సొసైటీకి ఇండ్ల అప్పు మంజూరైంది. సెక్రటరీని కాబట్టి కాగితం నా పేరు మీదే వచ్చింది. చిత్రావతి ఒడ్డున ఏటిగడ్డ ఉంది చూడు, మనం చిన్నప్పుడు పట్టునూలు జాడించి ఆరేసిన చోటు, అక్కడ అరవై ఇండ్లు కట్టాలని తీర్మానం. ఒక్కో ఇంటికి మగ్గానికో గది, కాపురానికో గది, వెనక వంటిల్లు. మన వీధి సంగతి నీకు తెలియనిదేముంది? మగ్గం గుంట పక్కనే పొయ్యి, పొయ్యి పక్కనే బాలింత మంచం. ఎదురింటి గంగాధర ఇంట్లోనైతే మూడు మగ్గాలు, ముసలివాళ్ళిద్దరు, గంగాధర భార్యాబిడ్డలు, వాళ్ళ వదిన ఈరక్క, దాని కూతురు, అందరూ ఆ ఒక్క కప్పు కిందే. మనిషి కాలు చాపితే ఇంకొకరికి తగులుతుంది.

ఇంత మంచి పని అందరూ సంబరంగా ఒప్పుకుంటారనుకున్నాను. వీధి రెండుగా చీలిపోయింది. కొండల్లో గట్టిగా వాన పడితే ఏరు గడ్డెక్కుతుందని కొందరి భయం. ఓవర్సీరు వచ్చి చూసి, పునాది ఎత్తు పెంచితే ఫరవాలేదన్నాడు. చౌడమ్మ గుడి వదిలి పోతే అమ్మవారికి కోపం వస్తుందని ఇంకొందరు. వీళ్ళందరికంటే పెద్ద అడ్డు మన చిన్నాయన మార్కండేయులే. నిన్న అరుగు మీద అందరి ముందూ అన్నాడు:

"ఏమబ్బా బాలప్పా, ఇంటికొక పొయ్యి పెట్టిస్తాండావు. రేపు ప్రతి కోడలూ నా పొయ్యి నాకు అంటాది. మీ సర్కారు ఇండ్లు కాదప్పా కట్టేది, కాపురాలు చీల్చేది."

నాన్న పోయాక మనల్ని సాకినవాడు. ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. గంగాధర మాత్రం నా పక్షమే. మొదటి ఇల్లు తనకే రావాలంటున్నాడు.

నువ్వు చదువు చెప్పేదానివి. ఈ విషయంలో నీకేమనిపిస్తుందో రాయి.

నీ తమ్ముడు,
బాలప్ప


హిందూపురం,
1 జూలై 1958

బాలప్పా,

జాడీ క్షేమం, చీరలు క్షేమం. అమ్మతో చెప్పు. సగం ఊరగాయ అప్పుడే నేనుండే ఇంటామె రామాంజినమ్మ కొడుకులు కాజేశారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతోషంగా ఉందిరా. వంటింటికి కిటికీ పెట్టించు. పొగ పోయే దారి గురించి మగవాళ్ళు కూర్చున్న ఏ కమిటీలోనూ ఎవరికీ గుర్తురాదు. అమ్మ కళ్ళు ఎందుకట్లా అయ్యాయో గుర్తుంచుకో.

మా బడి మళ్ళీ మొదలైంది. మూడో తరగతిలో సగం మంది ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళే. నిన్న లెక్క చెబుతూ 'డబ్బులు' అంటే ఒకమ్మాయి తెల్లమొహం వేసింది. పక్కపిల్ల "దుడ్లే, దుడ్లు" అని చెప్పాక గబగబా చేసేసింది. నాకు నవ్వొచ్చింది. ఇక నేను కూడా దుడ్లనే లెక్కబెట్టిస్తాను.

చిన్నాయన మాటను తోసిపుచ్చకు. ఆయన భయంలో నిజం ఉంది. కొత్త గోడలు లేస్తే పాత కాపురాలు మారతాయి. కానీ ఒక కప్పు కింద ఉన్నంత మాత్రాన అందరూ కలిసి ఉన్నట్టేనా?

ఒక సంగతి అడుగుతాను. మగదిక్కు లేని ఆడదానికి ఆ అరవైలో ఒక ఇల్లు వస్తుందా? చేతిలో పని ఉంది, ఎవరి మీదా భారం కాదు, తలుపు వేసుకునేందుకు తనదంటూ ఒక గది కావాలి, అంతే. ఎవరి కోసమని మాత్రం అడగొద్దు. ఎవరితోనూ అనొద్దు. నీకు వీలవుతుందో కాదో చెప్పు చాలు.

నీలావతిని అడిగానని చెప్పు. మీ బిడ్డ నడుస్తున్నాడా?

మీ అక్క,
గంగాదేవి


ధర్మవరం,
15 జూలై 1958

అక్కకు,

ఉత్తరం అందింది. నీ ప్రశ్న అర్థమైంది. ఎవరికని అడగను. అడగాల్సిన పనీ లేదు.

రూలు ఒప్పుకోదు. మగ్గం ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే మెంబరు, మెంబరుకే ఇల్లు. ఆడవాళ్ళ పేరు మీద మగ్గం ఒక్కటి కూడా లేదు. అయినా చూస్తాను.

నీ పెట్టె, నీ పుస్తకాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నీలావతి రోజూ దుమ్ము దులుపుతుంది. ఈ ఇల్లు నీది కాదని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

బిడ్డ గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

బాలప్ప


హిందూపురం,
4 ఆగస్టు 1958

బాలప్పా,

పోస్టుకార్డు మీద పట్టేంత జవాబు రాశావు. నీ జవాబు కోసం ఇన్నాళ్ళు ఎదురుచూసిన నాకు కోపం వచ్చింది. కోపం ఉండగానే రాస్తున్నాను.

రూలు ఒప్పుకోదంటావు. ఆ రూలు ఎవరు రాశారు? నువ్వూ, గంగాధరా, ఇంకో ఐదారుగురు మగవాళ్ళూ అరుగు మీద కూర్చుని రాసుకున్నదే కదా. కండెలు చుట్టేది ఆడది, పోగులు అతికేది ఆడది, మగవాడికి జ్వరం వస్తే మగ్గంలో కూర్చునేదీ ఆడదే. ఇల్లు ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె మెంబరు కాదు. నా భర్త పోయినప్పుడు వీధంతా వద్దంటున్నా నన్ను ట్రైనింగు స్కూలుకు తీసుకుపోయి చేర్పించినవాడివి నువ్వు. అప్పుడు నీకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఆ ధైర్యం సెక్రటరీ అయ్యాక ఎక్కడికి పోయింది? నలుగురిలో మాట పోతుందని భయపడుతున్నావని అనుకోవలసి వస్తోంది.

నా పెట్టె, పుస్తకాల సంగతి ఎందుకు రాశావో అర్థం కాలేదు. వాటి గురించి నేను అడగలేదే.

స్థలం కాగితాలకు పెనుకొండ ఆఫీసుకు వస్తావని అమ్మ ఎవరితోనో రాయించింది. ఇరవై మూడు, శనివారం అట కదా. మాకు మధ్యాహ్నం నుంచి సెలవు. రైలుకు పెనుకొండ వస్తాను. స్టేషన్లో ఉంటాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. ఉత్తరాల్లో మన మాటలు అడ్డదారి పడుతున్నాయి.

గంగాదేవి


హిందూపురం,
25 ఆగస్టు 1958

బాలప్పా,

పెనుకొండ స్టేషన్లో నీకోసం కూర్చున్నాను. కొండ మీద కోటగోడల నీడ కిందికి దిగి ఊరి ఇండ్లను కమ్మేదాకా కూర్చున్నాను. సీతాఫలాలు అమ్మే ఒక ముసలామె ఉంది, అవ్వా అని పలకరిస్తే తన కథంతా చెప్పింది. బుట్ట ఖాళీ చేసుకుని లేస్తూ, "నీ మనిషి రాడులే తల్లీ, పో" అంది.

నీకు ఒంట్లో బాగాలేదా? అమ్మకేమైనా అయిందా? ఒక్క ముక్క రాయి. నా మాటలకు కోపం వచ్చి రాలేదంటే అదైనా రాయి.

అక్క


ధర్మవరం,
2 సెప్టెంబరు 1958

అక్కకు,

అందరం బాగున్నాం. నేను పెనుకొండ వచ్చాను.

ఆఫీసు పని ముగించుకుని జట్కాలో స్టేషన్ దాకా వచ్చాను. వేపచెట్టు కింద బెంచీ మీద నిన్ను చూశాను. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. భయపడుతున్నావని నువ్వు రాసిన ఉత్తరం. జట్కా వెనక్కి తిప్పమని చెప్పి, బస్సుకు వచ్చేశాను. తప్పే. కానీ ఎందుకు చేశానో చెప్పనివ్వు.

ఆగస్టు మొదటి ఆదివారం కమిటీ కూర్చుంది. నేను లేచి, మగ్గం పని చేసే ఆడమనిషికి మగదిక్కు లేకపోతే ఆమెనూ మెంబరుగా చేర్చుకుని ఇల్లివ్వాలని అన్నాను.  గంగాధర నవ్వాడు.

"ఓహో! అక్కకు ఇల్లు కట్టిచ్చేదానికా అప్పా సొసైటీ పెట్టినావు? ముందే చెప్పింటే మేమే తలా ఒక రాయి మోసిస్తా ఉంటిమి గదా."

అందరూ నవ్వారు. చిన్నాయన నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధ. "ఏం నాయనా, మీ అక్కకు ఇంత కూడు పెట్టి ఒక మూల సూపించల్యాకపోయినారా? ఆ బిడ్డ పరాయోళ్ళ ఇండ్లల్లో జాగా అడిగేకాడికి వచ్చెనా?" అన్నాడు.

ఆ మాట అదే పూట అమ్మ చెవిన పడింది. రెండు పూటలు అన్నం ముట్టలేదు. నీలావతి నా ముందు నిలబడి, "వదినకు నేనేం తక్కువ చేసినానో చెప్పు. పోయినసారి వచ్చినప్పుడు ఏదన్నా అనిందానా?" అని ఏడ్చింది. ఆమెకు ఏం చెప్పేది? నాకే తెలియదు. నాతో ఉండలేనంత కష్టం నీకు ఏమొచ్చిందక్కా? సెలవులకు వచ్చినప్పుడు నా ఎదురుగానే కూర్చున్నావు కదా, అప్పుడు చెప్పి ఉండొచ్చు. 'ఎవరికని అడగొద్దు' అని పరాయివాడికి రాసినట్టు రాశావు.

ఇంత జరిగాక నీ ఉత్తరం వచ్చింది, నాకు ధైర్యం లేదని. ఆ మొహంతో నీ ముందుకు ఎట్లా వచ్చేది?

నెలాఖరులో సర్వసభ్య సమావేశం ఉంది. రూలు సంగతి మళ్ళీ ఎత్తుతాను. ఓడిపోయినా ఎత్తుతాను.

బాలప్ప


హిందూపురం,
6 సెప్టెంబరు 1958

నాయనా బాలప్పా,

నీ ఉత్తరం బడిలో అందింది. పిల్లల ముందు చదవలేక పంతులమ్మల గదిలోకి పోయి చదివాను. ఆ పూట పాఠం చెప్పలేదు.

ఆ ఇల్లు నాకోసం అడగలేదురా. ఒక్కసారి కూడా ఆ ఆలోచన నాకు రాలేదు. ఎవరికని అడగొద్దని ఎందుకు రాశానంటే, అడిగిన మనిషి నాతో ఒట్టు వేయించుకుంది. ఆమె వేరు పడాలనుకుంటున్నట్టు ఇంట్లో తెలిస్తే ఆ రోజే బయట పెడతారు. ఒక పిల్ల కూడా ఉంది. నీతోనైనా చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ ఒట్టు ఒట్టే. ఇప్పుడు కూడా పేరు చెప్పను. చెప్పాల్సింది ఆమె.

నువ్వు నాకోసం అనుకుని, నన్ను ఒక్క మాట అడక్కుండా, అంతమంది ముందు లేచి నిలబడ్డావు. నేనేమో ఇక్కడ కూర్చుని నీకు ధైర్యం లేదని రాశాను.

ముందు నీలావతిని కూర్చోబెట్టి ఈ ఉత్తరం చదివి వినిపించు. నా సొంత చెల్లెలు ఉన్నా ఆమెలాగా చూసుకునేది కాదు. అమ్మతో, నేను ఎప్పుడు రిటైరైనా ఆమె పక్కనే పడక అని చెప్పు.

దీంతోపాటు ఇంకో కాగితం పెడుతున్నాను. సమావేశంలో చదువు. అందులో ఇంతే ఉంది: 'బాలప్ప అక్క గంగాదేవి అనే నాకు ఏటిగడ్డ కాలనీలో ఇల్లు అక్కర్లేదు. ఇచ్చినా తీసుకోను. నన్ను పక్కనపెట్టి ఆ రూలు మంచిదా చెడ్డదా మాట్లాడుకోండి.'

అక్క


ధర్మవరం,
29 సెప్టెంబరు 1958

అక్కకు బాలప్ప నమస్కారాలు.

నిన్న సమావేశం జరిగింది. చౌడమ్మ గుడి ముందు పందిరి వేశారు. మగవాళ్ళంతా పందిట్లో, ఆడవాళ్ళు గుడి మెట్ల మీద. అందరికీ వినిపించేటట్టు నీ కాగితం చదివాను.  చిన్నాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గంగాధర లేచాడు. "సరే, అక్కకు వద్దంట. ఇంగ ఆ రూలుతో పనేముండాది? ఈ వీధిలో దిక్కులేని ఆడది ఎవురుండారు? అందరూ ఎవురిండ్లల్లో వాళ్ళు బాగానే ఉండారు. కొట్టెయ్యండి" అన్నాడు.

 నువ్వు పేరు రాయలేదు. ఎవరి తరఫున మాట్లాడాలి? సరే, కొట్టేద్దామని ఎవరో అంటుండగా మెట్ల మీద నుంచి గొంతు వినబడింది.

"నాకు కావల్ల."

ఈరక్క. గంగాధర వదిన. భర్త పోయిన ఐదేండ్లలో ఆ మనిషి గొంతు వీధిలో విన్నవాళ్ళు తక్కువ. నడుములో చెంగు దోపుకుని నిలబడింది.  దాని కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

గంగాధర మొహం నల్లబడింది. "వదినా, ఇంట్లో నీకేం తక్కువైంది? కూడు పెట్టలేదా, గుడ్డ పెట్టలేదా?"

"పెట్టినావు మరిదీ. లేదని నేను అన్లేదు. పోయిన ఆయప్ప మగ్గం నేనే నేస్తాండా. చీర నీ పేరు మీద పోతాంది. దానికీ నేనేం అన్లేదు. నా బిడ్డ పెద్దదైతాంది. మగ్గం గుంట పక్కన, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకాడ పండుకుంటాంది. దానికొక తలుపు కావల్ల. అంతే."

ఆమె కూర్చోలేదు. అట్లాగే నిలబడింది. నేను చిన్నాయన వైపు చూశాను. ఈ కాలనీయే వద్దన్న మనిషి, ఇప్పుడు రూలుతోపాటు దాన్నీ కొట్టిపారేయమంటాడనుకున్నాను. ఆయన మెల్లిగా లేచాడు.

"ఆ ఇంట్లో పెద్దోడి మగ్గం ఎవురు నేస్తాండారు గంగాధరా?"

గంగాధర కూర్చున్నాడు.

"ఇండ్లు కడితే కాపురాలు చీలుతాయని నేను మొదట్నుంచీ మొత్తుకుంటాండా. చూడండి, ఒక్క రాయి పడకముందే చీలిపాయ. ఈ మాట అన్నాక ఈ బిడ్డ ఆ ఇంట్లో ఎట్లుంటాది? ఇంగ యాడికి పోవల్ల? నేను మాత్రం మా నాయన కట్టిన ఇల్లు వదిలి ఆడికి రాను. కానీ ఈయమ్మకు ఇల్లు కట్టండి."

చేతులెత్తమన్నాం. రూలు నెగ్గింది, అత్తెసరుగా. ఆ తర్వాత సెక్రటరీ ఎన్నిక జరిగింది. అందులో నేను ఓడిపోయాను. గంగాధర వాళ్ళంతా నామీద కోపంగా ఉన్నారు. వచ్చే నెల నుంచి కాగితాలు మోసే పని ఇంకొకరిది.

సాయంత్రానికి ఈరక్క సామాను వీధిలో ఉంది. ఒక ట్రంకుపెట్టె, రెండు బిందెలు, ఒక చాప. మగ్గం మాత్రం ఇచ్చేది లేదన్నారు. నేను ఇంటికి వచ్చేసరికి నీలావతి ఆ బిందెలు మన ఇంట్లోకి మోస్తోంది. నన్ను అడగలేదు. "వదిన పెట్టె ఉండే గదిలో ఉంటారు. వదిన ఏమీ అనుకోదు" అంది.

ఈ సంగతి నీకు ముందే చెప్పానని సమావేశం అయ్యాక ఈరక్క నాతో అంది. ఎండాకాలంలో ఏట్లో చెలమ దగ్గర నువ్వూ ఆమే నూలు జాడిస్తూ మాట్లాడుకున్నారట.

బాలప్ప


హిందూపురం,
7 అక్టోబరు 1958

బాలప్పా,

నా పెట్టె అటక మీద పెట్టించు. పుస్తకాలు ఆ పిల్లకు ఇచ్చెయ్యి. అక్షరాలు రాకపోతే బొమ్మలైనా చూస్తుంది.

నువ్వు ఓడిపోయినందుకు బాధపడ్డాను. కానీ ఎక్కువసేపు కాదు.

నీతో ఒక మాట చెప్పాలి. నాకు ఇల్లు వద్దని ఆ కాగితం రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేసి వెనక్కి నడిచి వస్తున్నాను. బజారులో ఒక ఇంటి ముందు ఒకామె తన గడపకు తానే పసుపు రాసుకుంటోంది. చూస్తూ నిలబడిపోయాను. నాకూ ఒక గడప ఉంటే బాగుండునని అప్పుడనిపించింది. మొదటిసారి. నీ ఇంట్లో నాకు లోటుండి కాదు. నీ ఇల్లూ నాదే. అయినా అనిపించింది. ఈరక్క ఏమి అడిగిందో ఏటి దగ్గర నేను విన్నాను గానీ, అర్థమైంది మాత్రం ఆ గడప ముందే.

నీలావతికి నా ఆశీస్సులు. బిందెలు మోసినందుకు కాదు. నన్ను అడక్కుండా నా గది ఇచ్చినందుకు.

అక్క


ధర్మవరం,
18 జనవరి 1961

అక్కకు బాలప్ప నమస్కారాలు.

నీ కార్డు అందింది. హిందూపురంలో పంతుళ్ళకిచ్చిన ఇండ్ల స్థలాల్లో నీకు వచ్చినది మూల స్థలమని సంతోషం. పునాది ఎంతవరకు లేచింది? మేస్త్రీని నమ్మి వదిలేయకు. నేను మార్చిలో వచ్చి పది రోజులు ఉంటాను.

ఇక్కడ ఏటిగడ్డ ఇండ్లలోకి అందరూ దిగారు. అనుకున్నవి అరవై. అయినవి నలభై చిల్లర. మిగతావాళ్ళు అప్పుకు భయపడి తప్పుకున్నారు. పోయిన వానల్లో ఏరు మెట్టు కిందిదాకా వచ్చింది, పైకి ఎక్కలేదు. ఎప్పటికీ ఎక్కదని నేను చెప్పలేను. వంటింటికి కిటికీ ఉంది, చిన్నదే. అమ్మ రోజూ దాని ముందు కూర్చుంటుంది, ఏరు కనబడుతుందని. చిన్నాయన పాత ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే కర్ర తాటించుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చుని, ఈ ఇండ్లు చలువగా లేవని చెప్పి పోతాడు.

చీటీలు వేసి ఇండ్లు పంచారు. గంగాధరకు వచ్చినది ఈరక్క ఇంటి పక్కదే. రెండింటికీ మధ్య గోడ ఒకటే. మార్చుకుందామని ఎంతమందినో అడిగాడు, ఎవరూ ఒప్పుకోలేదు. పక్కపక్కనే ఉండి రెండు నెలలు పలకరింపు లేదు. ఆమె సొసైటీ ఇచ్చిన పాత మగ్గం మీద నేసుకుంటోంది. చీర ఆమె పేరు మీదే పోతుంది.

నిన్న పొద్దున జరిగింది నీకు రాయాలని కూర్చున్నాను. గంగాధర కొత్త పడుగు పోగులకు గంజి పెట్టి వీధి పొడుగునా సాగదీశాడు. భార్య పుట్టింట్లో ఉంది, సాయం వస్తానన్న ఇద్దరూ రాలేదు. ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎండ ఎక్కుతోంది. ఎండిపోతే పట్టు తెగుతుంది. వీధిలో అటూ ఇటూ చూస్తున్నాడు గానీ ఎవరినీ పిలవడు. నేను చెప్పులు వేసుకుని బయలుదేరేలోపే ఈరక్క తలుపు తీసుకుని బయటికి వచ్చింది. చేయి కొంగుకు తుడుచుకుని, గుంజ దగ్గర మొదలుపెట్టి, తెగిన పోగులు అతుక్కుంటూ, పడుగు వెంబడే అతని వైపు నడిచింది. అతను తల ఎత్తలేదు. ఆమె అతని దగ్గరిదాకా వచ్చి ఆగింది.

"మరిదీ, ఈడ రెండు పోగులు పోయినాయి."

అతను తన చేతిలోని కొస బిగించి పట్టుకున్నాడు.

"ముడెయ్యి వదినా" అన్నాడు.

నీ తమ్ముడు,
బాలప్ప